మోకాళ్ళ కోసం కొన్న కారు

నాంపల్లి,
శనివారం

స్నేహలతక్కకి,

వందనాలు. ఫోన్ చేస్తే నీకు వినపడదు, చెవి మిషన్ కొనిస్తే బీరువాలో దాచుకున్నావు. అందుకే ఉత్తరం. ఒక రకంగా మంచిదే, ఇది ఫోన్లో చెప్పుకునే సంగతి కాదు.

ముందు కారుని తిట్టుకోనీ. మీ మరిది ఆదిలాబాద్ బ్రాంచికి బదిలీ అయి వెళ్తూ, నా మోకాళ్ళ నొప్పులు చూడలేక కరెంటు కారు కొనిపెట్టి వెళ్ళారు కదా. నాంపల్లి నుంచి ఆబిడ్స్‌లో మా స్కూలు ఎంత దూరమని? అయినా సరే, కొన్నారు. మా కాంపౌండులో రేకుల షెడ్డు కింద ప్లగ్గు పాయింటు ఉంది. దాన్ని ఏ మహానుభావుడు పెట్టాడోగానీ, నేలకి జానెడు ఎత్తులో పెట్టాడు. మోకాళ్ళు మడిచి కింద కూర్చుంటే తప్ప ప్లగ్గు అందదు. చర్చిలో కూడా నేను కుర్చీలో కూర్చునే ప్రార్థన చేసుకుంటున్నాను, పాస్టరుగారు ఏమీ అనరు. ఈ ప్లగ్గు ముందు మాత్రం పొద్దునా సాయంత్రం మోకరించాల్సిందే.

పెట్టడం ఒక తిప్పలైతే తీయడం ఇంకో తిప్పలు. కేబుల్‌కి కారు వైపున్న పిడి, కారు తాళం తీస్తేగానీ ఊడదు, తీసినా ఒక్కోసారి ఊడదు. అక్కడ స్కూల్లో బెల్లు కొడుతుంటే ఇక్కడ నేను పిడితో కుస్తీ పడుతుంటాను. బురదలో పడి ఉన్న కేబుల్ చుట్టేసరికి చీరంతా మరకలు. కింద వాటాలో కరుణాకర్ అని ఒకతను ఉంటాడు, బేగం బజార్‌లో మసాలా దినుసుల కొట్టు ఉంది. మంచివాడే, కానీ నా ప్లగ్గు పీకి తన స్కూటర్ పెట్టుకుంటాడు. అడిగితే "మీది నిండిందనుకున్న మేడం, జర సేపే గదా" అంటాడు. పొద్దున చూస్తే వాడి స్కూటర్ నిండి ఉంటుంది, నా కారు ఉసూరుమంటూ ఉంటుంది.

ఇవన్నీ పడతానక్కా. పడలేనిది ఇంకొకటుంది. మీ మరిది ఫోన్లో ఆ కారు కనిపిస్తుంది. ప్లగ్గు ఉందా ఊడిందా, ఎంత నిండింది, బండి కదిలిందా లేదా, అన్నీ ఆదిలాబాద్ నుంచే చూస్తారు. ఫోన్ మోగిందంటే ఏమడుగుతారో నాకు ముందే తెలుసు. "సగంలనే ఆగిందేంది? ప్లగ్గు సరిగ పెట్టలేదా?" నా బీపీ ఎంతో ఆయనకి తెలియదు, కారు ఎంత నిండిందో మాత్రం కంఠతా వచ్చు.

నిన్న వానకి షెడ్డంతా చిత్తడైంది. సాయంత్రం ప్లగ్గు పెట్టబోతూ కేబుల్ మీద కాలేసి జారిపడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. కరుణాకర్ పరుగెత్తుకొచ్చి లేపాడు. "ఆటో పిలుస్తా మేడం, దవాఖానకు పోదాం" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ముందు ఆ ప్లగ్గు పెట్టెయ్ బాబూ, లేకపోతే సార్ ఫోన్ చేస్తారు" అన్నాను. చెయ్యి వేలాడుతుంటే నా నోట్లోంచి వచ్చిన మాట అది.

కట్టు కట్టించుకుని వచ్చేసరికి కుటుంబ ప్రార్థన వేళైంది. ఆయన వెళ్ళినప్పటి నుంచి అది ఫోన్లోనే. "కృపగల తండ్రీ, ఈ దినమంతయు మా వాహనమును నీ రెక్కల చాటున భద్రపరచినందుకు స్తోత్రము" అని ప్రార్థించారు. కట్టుని ఒళ్ళో పెట్టుకుని నేను ఆమెన్ అన్నాను. ఆఖర్న అలవాటుగా "బాగున్నవా" అన్నారు. "బానే ఉన్నా" అన్నాను. పెట్టేశారు.

ఆ ఆమెన్ దగ్గర నాకు మనసు విరిగిపోయిందక్కా. పొద్దున కరుణాకర్‌తో ఆ ప్లగ్గు పీకించేశాను. ఫోన్ కూడా ఎత్తడం లేదు. స్కూల్లో రాజీనామా ఇచ్చేసి మెదక్ వచ్చేస్తాను. నువ్వు చూసుకునే పిల్లల హాస్టల్లో మూల గది ఖాళీగా ఉందన్నావు కదా, ఊడ్పించి ఉంచు. పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ అక్కడే ఉంటాను. నాకు సర్దిచెప్పాలని మాత్రం చూడకు.

నీ చెల్లెలు
జిప్పోరా


నాంపల్లి,
సోమవారం

అక్కా,

గది ఊడ్పించే ముందు ఇది చదువు.

నిన్న నేను చర్చికి వెళ్ళలేదు. చెయ్యి ఒకటే సలుపు. పైగా సంస్కారపు ఆదివారం, ఇంత కోపం పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఎలా తీసుకుంటాను? సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఉంటే గేటు ముందు ఆటో ఆగింది. మీ మరిది! చేతిలో సంచీ లేదు, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. పిలవలేదు నేను. మెట్ల వైపు వస్తారా, కారు వైపు పోతారా, చూద్దాం అనుకున్నాను. నా బతుకంతా ఆ నాలుగడుగుల్లోనే ఉన్నట్టనిపించింది.

కారు వైపే పోయారు.

సరే, అయిపోయిందనుకున్నాను. పెట్టె సర్దుకుందామని లేచాను కూడా. కానీ ఆయన ప్లగ్గు జోలికి పోలేదు. అద్దానికి రెండు చేతులూ ఆనించి డ్రైవర్ సీటులోకి తొంగి చూశారు. తర్వాత వెనక సీటులోకి చూశారు. వంగి కారు కిందా చూశారు. అప్పుడర్థమైంది, ఆయన వెతుకుతున్నది నన్ను. "పైనున్నా" అని అరిచాను. తలెత్తి చూసి, అక్కడే ఆ బురదలో కూలబడ్డారు.

పైకి వచ్చాక ఆయనకి ఒకటే కోపం. "ఫోన్ ఎత్తవు. ప్లగ్గు లేదు. ఆదివారం పూట బండి కదలలే. నువ్వు చర్చికి పోకుండ ఎన్నడన్న ఉన్నవా? గా సీట్ల పడిపోయినవేమో అనుకున్న." అప్పుడు కట్టు కనపడింది. "గిదేంది? చెప్పకపోతివి?"

"మీరు అడిగేది కారు సంగతే కదా" అన్నాను.

"నిన్నడిగితే ఏమంటవ్? బానే ఉన్న అంటవ్. జ్వరమొచ్చినా గదే, మీ నాయన పోయిననాడూ గదే. ప్లగ్గు పెడితే ఇంటికొచ్చినవని తెలుస్తది. శుక్రవారం పెట్టినవ్, నిమ్మలంగ అన్నం తిన్న."

చెయ్యి విరిగిన సాయంత్రం కరుణాకర్‌తో ఆ ప్లగ్గు పెట్టించింది నేనేనక్కా. అయినా కోపం చల్లారక "మరి ప్రార్థనలో నా పేరేది?" అని అడిగేశాను. ఆయన తెల్లబోయారు. "బండిల ఉండేది నువ్వే గద!" అన్నారు.

"ఆ సంగతి దేవుడికి తెలుసేమో, నాకు తెలియదు" అన్నాను.

ఆయన ప్లగ్గు పెట్టడానికి కిందికి వెళ్ళారు. ఎంతకీ రారు. కిటికీలోంచి చూస్తే కరుణాకర్ స్కూటర్ జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, స్తంభం పట్టుకుని లేవలేక తంటాలు పడుతున్నారు. ప్యాంటు నిండా బురదతో వచ్చి, "గింత కిందికి ఎవడు పెట్టిండు? రోజూ గిట్లనే కూర్చుంటున్నవా? నీ మోకాళ్ళు ఎట్లున్నయి?" అన్నారు.

"బానే ఉన్నాయి" అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, "బాగా లేవండీ, చాలా నొప్పి" అన్నాను. అనేసరికి ఏడుపు ఆగలేదు.

రాజీనామా ఇవ్వలేదు. గది మాత్రం ఊడ్పించు, దసరా సెలవుల్లో ఇద్దరం వస్తున్నాం. బస్సులో.

నీ
జిప్పోరా