ఇంటిల్లిపాదికీ ఒక గుర్రం

నక్కలబండపల్లి, మడకశిర తాలూకా
27-5-1957

హిందూపురంలో గుర్రాల బేరం చేసే దాదాపీర్ సాహెబు గారికి గొర్రెల నల్లప్ప సలాములతో వ్రాయు సంగతులు. ఇక్కడ మేమూ, గొర్రెలూ క్షేమం. వాన కనబడి రెండేళ్లయింది. మీ వైపు వచ్చి ఉంటే మా ఊరి దారి చూపించి పంపవలెను.

నా భార్య నారాయణమ్మ మంత్రసాని. చుట్టూ ఏడు పల్లెల్లో పుట్టినవాళ్లంతా మొదట చూసింది ఆమె మొహాన్నే. ఇప్పుడు ఆమె మోకాళ్లు పట్టేశాయి. దారులన్నీ రాతిగుండ్లు, బండి పోదు. గుర్రం దొరక్కపోతే పని మానేస్తానంటున్నది. మానేస్తే ఆ పల్లెల ఆడవాళ్లకు దిక్కు లేదు. కనుక ఇంటిల్లిపాదీ ఎక్కగల గుర్రం ఒకటి చూడవలెను. తెల్లగా, ఎత్తుగా, నుదుట మంచి సుడితో ఉండాలి. మా తాతకు అలాంటిదే ఉండేది. అది గుర్రం కాదు, కంచరగాడిద అని మా పెద్దమ్మ అంటుంది. ఆమె మాట నమ్మవద్దు.

మీ జవాబుకు ఎదురుచూస్తూ,
నల్లప్ప

తా.క.: "పొట్టిదైనా కానీ, వాకిట్లో కదలకుండా నిలబడేది సూడమను" అంటున్నది నారాయణమ్మ. గుర్రాన్ని కొనేది నిలబెట్టడానికా? మీరు పట్టించుకోవద్దు.

హిందూపురం
2-6-1957

నల్లప్పన్నకు దాదాపీర్ సలాం. మీ ఉత్తరం చదివి మా ఇంట్లో అందరమూ మీ క్షేమానికి దువా చేశాము. వాన ఇక్కడికీ రాలేదు.

ఇంటిల్లిపాదీ అన్నారు గానీ ఎంతమందో వ్రాయలేదు. నా ముప్పై ఏళ్ల బేరంలో ఒక గుర్రం మీద ఇద్దరు ఎక్కగా చూశాను. ఒకసారి ముగ్గురు ఎక్కారు. మూడోవాడు తనకు తెలియకుండానే దారిలో దిగిపోయాడు. అంతమందికి జట్కా మేలు, పరదాతో సహా మంచిది ఉంది. గుర్రమే కావాలంటే ఎక్కేవాళ్ల తూకాలు పంపండి.

మీ మేలు కోరే
దాదాపీర్

తా.క.: కంచరగాడిద ఒకటి సిద్ధంగా ఉంది. మీ పెద్దమ్మ గారికి నా సలాం.

నక్కలబండపల్లి
8-6-1957

దాదాపీర్ సాహెబు గారికి నల్లప్ప సలాం. అందరం ఒకేసారి ఎక్కము సాహెబూ! ఒకరి తర్వాత ఒకరం.

ఉన్ని తూచే కాటా మీద అందరినీ తూచాను. నారాయణమ్మ నాలుగు మణుగులు. మనవరాళ్లిద్దరూ మూడున్నర, విడివిడిగా నిలబడరు కనుక కలిపి తూచాను. నేను ఆరు, తలపాగాతో. ఆమె పనికి పోయినప్పుడు ఆమె ఎక్కుతుంది, తక్కిన దినాల్లో నేను. గుర్రం వస్తుంటే సంతలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడాలి. కాళ్లకు గజ్జెలు, పూసల కళ్లెం ఉంటే మరీ మంచిది. సుడి మరచిపోవద్దు.

తూకాల్లో అబద్ధం లేని
నల్లప్ప

తా.క.: నారాయణమ్మ మళ్లీ ఆ నిలబడే మాటే అంటున్నది. వయసు మీదపడింది, పాపం.

హిందూపురం
13-6-1957

నల్లప్పన్నకు దాదాపీర్ సలాం. మీ మనసు ఇప్పటికి అర్థమైంది. ఇంట్లో పెళ్లి ఉందని ఎందుకు దాచారు? తెల్లగా ఉండాలి, ఎత్తుండాలి, గజ్జెలుండాలి, జనం లేచి నిలబడాలి! పెళ్లి లేని మనిషి ఇవన్నీ అడగడు.

ఆషాఢం ముంచుకొస్తున్నది కనుక ఆలస్యం చేయలేదు. నలభైమంది పెళ్లికొడుకులను మోసిన గుర్రాన్ని మా లాయంలో పనిచేసే అల్లాబకాష్ వెంట పంపుతున్నాను. పది దినాలు ఎక్కి చూడండి. నుదుట సుడి ఉంది. సరిగా కనబడకపోతే కొంచెం తడిపి దువ్వండి.

పెళ్లిభోజనానికి రాలేకపోతున్నందుకు చింతించే
దాదాపీర్

తా.క.: పెళ్లికొడుకు మీరే అయితే, అమ్మగారికి తెలుసు కదా?

నక్కలబండపల్లి
24-6-1957

దాదాపీర్ సాహెబు గారికి నల్లప్ప వ్రాసేది. పెళ్లెవరికి సాహెబూ! మీ తా.క.ను మనవరాలు అందరి ముందూ పైకి చదివింది. రెండు దినాలు నాకు రాగిముద్ద పుట్టలేదు.

మీ గుర్రం అందానికి వంక పెట్టను. నిన్న పొద్దున పక్క పల్లె యేసన్న కోడలికి నొప్పులని కబురొస్తే నారాయణమ్మ దాన్ని ఎక్కి పోయింది. వాకిట్లో దిగిందో లేదో, లోపల ఆ పిల్ల కేక పెట్టింది. అంతే, గుర్రం గజ్జెలు మోగిస్తూ పరుగు! దారం, ఆముదం, పాతగుడ్డలు, అన్నీ ఉన్న మూట దాని జీనుకే ఉంది. యేసన్న కొడవలిని నిప్పుల్లో కాల్చి ఇస్తే బొడ్డు కోసింది. తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు.

ఇంటికొచ్చి, "ఇదే ఆకరు. ఇంక యాడికీ పోను. మూట దొరికితే అటక మీద పెట్టు" అన్నది. మారెమ్మకు నెలలు నిండాయని ఆమె మొగుడు వచ్చి బతిమాలితే గోడవైపు తిరిగి కూర్చున్నది. ముప్పై అయిదేళ్లలో ఆమెను అలా చూడలేదు. నాకు ఏమీ తోచడం లేదు. ఇంకో గుర్రం చూడండి. నల్లదైనా పరవాలేదు. ఎత్తు మాత్రం తగ్గకూడదు.

మనసు బాగాలేని
నల్లప్ప

తా.క.: ఉత్తరం ముగించి చూస్తే నారాయణమ్మ ఇంట్లో లేదు. మీ అల్లాబకాష్ కూడా లేడు. గుర్రం మాత్రం మూటతో సహా తిరిగొచ్చి వాకిట్లో ఉంది. ఇద్దరూ హిందూపురం బస్సెక్కారని మనవరాళ్లు అంటున్నారు.

హిందూపురం
26-6-1957

నల్లప్పన్నా, సలాం. కంగారుపడవద్దు. అమ్మగారు మా ఇంట్లోనే నా భార్య మదీనాబీతో కబుర్లాడుతూ చాయ్ తాగుతున్నారు.

బస్సు దిగి నేరుగా లాయంలోకి వచ్చారు. పళ్లు చూడలేదు, సుడి చూడలేదు. పదకొండు గుర్రాలనూ వరుసగా కట్టించారు. కొంగు నడుముకు బిగించి, నొప్పులు పడే మనిషిలాగా, "అయ్యో నాయనో, సచ్చినానో!" అని ఒక్క కేక పెట్టారు. యా అల్లా! పది గుర్రాలు గూటాలు పెరుక్కొని పోయాయి. వీధిలో ఆడవాళ్లు వేణ్నీళ్లతో పరుగెత్తుకొచ్చారు. మదీనాబీ నామీద పడింది: "ఆ యమ్మను ఏం సేసినావప్పా?"

పదకొండోది ఉప్పు మూటలు మోసే పొట్టి గుర్రం. గడ్డి నములుతూనే ఉంది. అమ్మగారు మళ్లీ కేక పెట్టారు. పసిబిడ్డలాగా ఏడ్చారు, కుక్కలాగా మొరిగారు. అది చెవి కూడా కదిలించలేదు. "ఇదే నాది" అన్నారు.

రేపు పొద్దున దానిమీదే బయలుదేరుతున్నారు, అల్లాబకాష్ తోడుగా వస్తాడు. నేరుగా మారెమ్మ ఇంటికే పోతారట. మూట అక్కడికి చేర్చమన్నారు, అందుకే ఈ ఉత్తరం సాయంత్రం బస్సులోనే పంపుతున్నాను.

అమ్మగారికి ఎదురు చెప్పలేని
దాదాపీర్

తా.క.: ఖుదా సాక్షి, నేనేమీ దాచలేదు. "అమ్మా, ఇది పుట్టు చెవిటిది. తుపాకీ పేల్చినా వినపడదు. ఆలోచించుకోండి" అన్నాను. అమ్మగారు దానికి జీను వేసి సరిచూస్తూ అన్నారు: "సెప్పింది ఇననోనితో ముప్పై అయిదేండ్లు సంసారం సేసినా. ఇదెంతప్పా? దీనికి కళ్లెమన్నా ఉండాది."