సుద్దతో గీసిన గుండ్రం

తమ్ముడికి దీవెనలు. ఇంజనీరుగా నువ్వక్కడ వేయిస్తున్న రోడ్డు మందం పరీక్షకు ముక్క కోయించేటప్పుడు ఆ చోటు ఎంచేది నువ్వా, కంట్రాక్టరు మనుషులా?

నేను బైబిలు వాక్యం చెప్పడానికి వచ్చిన ఈ ఊరి బయట, ఆరు నెలల కిందట వేసిన హైవే కుంగి పాలవ్యాను ఒరిగింది. నడిపే అతని చెయ్యి విరిగింది. గుంట అంచున చూస్తే తారు రెండు వేళ్ళ మందం ఉంది. ఆ పక్కనే, అప్పట్లో పరీక్షకు కోసిన చోట మాత్రం నాలుగు వేళ్ళు.

రోలరు నడిపినవాణ్ణి అడిగాను. "ఎక్కడ కోస్తారో మాకు ముందే తెలుసు కదా అయ్యగారూ. అక్కడ దట్టంగా పోసి, సుద్దతో గుండ్రం గీసిపెట్టాం. మా ఇంజనీరు బాబు నీడలో కూర్చున్నాడు. మిగతా రోడ్డంతా దేవుడి మీద భారం వేశాం" అన్నాడు.

ఇసుక మీద ఇల్లు కట్టినవాడి సంగతి ఊరూరా చెబుతుంటాను. వాడు పోగొట్టుకున్నది తన ఇల్లే. ఇది జనం పన్నులతో వేసిన రోడ్డు.

నా పాత కళ్ళజోడు అలమారాలో ఉంది, పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళేది నువ్వు వేయించే రోడ్డు మీదే. మరదలికి, పిల్లలకు ఆశీస్సులు. పోస్టుమాన్ ఇది చదివితే చదవనీ.

నీకు ఎండ పడదని తెలుసు. అయినా ఈ కార్డు అందిన రోజే, కాగితాల మీద సంతకం పెట్టకముందే, జేబులో సుద్దముక్క వేసుకుని రోడ్డెక్కు. వాళ్ళు గీసిన గుండ్రాలు వదిలేసి నీకు తోచిన చోట గియ్యి, దగ్గరుండి కోయించు.