మునిలక్ష్మి జడ

ఫిబ్రవరి 12, 1983

శనివారం మధ్యాహ్నం. ల్యాబు పక్క గది, రెండు కుర్చీలు. తిరుపతిలో కౌన్సెలింగ్ ట్రైనింగ్ అయినప్పటి నుంచి ఇది నాకు అంటగట్టారు — భయం, దిగులు ఉన్న పిల్లలతో మాట్లాడటం. స్టాఫ్‌రూంలో దీనికి జాతకాల గది అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

ఇవాళ పదో తరగతి మునిలక్ష్మి. ఐరాల నుంచి బస్సులో వస్తుంది. లెక్కల పేపరు చూడగానే చేతులు వణుకుతాయట. "సదివిందంతా పోతాది టీచర్. నేను ఫెయిలే." ఎలా తెలుసు? — "తెలుసు, అంతే."

భయం ఏమంటోందో కాగితానికి ఒకవైపు రాయమన్నాను. అది నిజమనడానికి రుజువేమిటో రెండోవైపు. పెన్ను నమిలి నమిలి, రెండోవైపు ఖాళీగా ఇచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 26

"ఇప్పుడు భయం లేదు టీచర్. కొండకు మొక్కుకున్నా. పాసైతే గుండు ఇస్తానని."

నడుము దిగిన జడ. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా ఎవరికి చెప్పినట్టు? "దేవుడికి నీ వెంట్రుకలెందుకే? రాసేది నీ చెయ్యి. పాసైతే అది నీ కష్టం. జడ ఉంచుకో" అన్నాను. తల ఊపింది. గెలిచానని అనుకుంటూ ఇంటికి వచ్చాను.

మే 28

పాసైంది! లెక్కల్లో అరవై రెండు. వాళ్ళమ్మ బెల్లం అచ్చులు తెచ్చింది. "మీ పుణ్యం టీచరమ్మా." పిల్లను పక్కకు పిలిచి మొక్కు సంగతి అడిగాను. "ఇయ్యలేదు. మీరు వద్దంటిరి కదా. అమ్మకు తెలీనే తెలీదు."

బెల్లం భలే ఉంది.

జూన్ 15

మునిలక్ష్మి నాయన బావిలో పూడిక తీస్తుంటే మోకు తెగి పడిపోయాడట. పెద్దాసుపత్రిలో చేర్చారు.

జూన్ 16

వెళ్ళాను. నడుముకి దెబ్బ, కాళ్ళలో చలనం లేదు. వరండాలో ఆ పిల్ల.

"నా వల్లనే టీచర్. మొక్కు ఇయ్యలేదు కదా."

కాదన్నాను. మోకు పాతది, అందుకే తెగిందన్నాను.

"పోయినేడూ అదే మోకు. పోయినేడు తెగలేదే?"

రుజువు అడగడం నేర్పింది నేనే. వాళ్ళమ్మ నాకు కాఫీ తెప్పించింది — మొక్కు వద్దన్నది నేనని తెలిస్తే తెప్పించేదా.

జూన్ 18

అన్నం సహించడం లేదు. మా ఆయన అడిగితే తలనొప్పి అన్నాను. నాకు మొక్కుల మీద నమ్మకం లేదు. లేదని రాసుకోవలసి వస్తోంది...

జూన్ 21

కాలేజీకి అప్లికేషను పెట్టనంటోంది. "మొక్కు తీరేదాకా యాడికీ పోను." సరే, నేనే కొండకు తీసుకెళ్తానన్నాను. వాళ్ళమ్మతో, నాయన కోసం మొక్కు అని చెప్పింది. ఆ అబద్ధంలో నా వాటా ఉంది.

జూన్ 24

కొండ. కల్యాణకట్టలో మంగలి తల తడుపుతుంటే కళ్ళు మూసుకుంది. జడ ఒళ్ళో పడింది. నేను చూడలేకపోయాను. లేచి తల తడుముకుని, "తేలిగ్గుండాది టీచర్" అంది.

తర్వాత నేనూ కూర్చున్నాను. గుండు కాదు, మూడు కత్తెరలు జుట్టు ఇచ్చాను. ఎందుకో తెలియదు. తెలుసు. ఏమో, నేను మొక్కు వద్దన్నందుకే ఆయన పడి ఉంటే?

"మీకేం మొక్కు టీచర్?"

ఊరికే, అన్నాను.

జూన్ 25

మునిలక్ష్మి నాయన కుడికాలు కదిలింది! ఆ పిల్ల గంధం పూసిన తలతో వార్డంతా చెప్పుకుంటోంది. వాళ్ళమ్మ నాకు చేతులెత్తి మొక్కింది.

బయటికి వస్తుంటే నర్సు — "మొన్న పొద్దన్నే నిద్దట్లో కదిలించినాడమ్మా. డాక్టరు సూసినాక సెబుదామని ఊరకుంటిమి."

మొన్న. మేమింకా బస్సే ఎక్కలేదు.

జూన్ 27

నర్సు మాట చెబితే, తన వల్ల నాయన పడలేదని నమ్ముతుంది. కానీ జడ ఊరికే పోయిందని ఏడుస్తుంది. చెప్పకపోతే ఇక జన్మంతా ఏ కష్టం వచ్చినా తన తప్పే. మొదట జడ ఉంచుకోమన్నదీ నేనే, తీయించిందీ నేనే.

పిన్ను పెట్టినా నా జుట్టులో ఆ కత్తిరించిన కొసలు నిలవడం లేదు.

జూలై 2

శనివారం. గదికి వచ్చింది, నెత్తిన రుమాలు కట్టుకుని. కాలేజీలో చేరుతుందట. సంతోషంగా ఉంది. బ్యాగులోంచి ఆ పాత కాగితం తీసింది. ఇన్నాళ్ళూ దాచుకుంది. భయం రాసిన వైపు లెక్కల సంగతి కొట్టేసి, కింద కొత్తగా రాసుకుంది: మొక్కు తప్పితే నాయనకు కీడు. రెండోవైపు ఖాళీ.

"ఈసారి ఇదీ నింపుతా టీచర్. సరిగ్గా మన మొక్కు తీరిన టైముకే నాయన కాలు కదిలిందని. నర్సమ్మను అడిగి టైము రాసుకుంటా. అడగనా?"

నా పెన్ను అడిగి తీసుకుంది. గంట కొట్టారు. పిల్లలంతా ఇళ్ళకు పోతున్నారు. తను మాత్రం కదల్లేదు, నా మొహంలోకే చూస్తోంది.

సోమవారం ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుదామన్నాను.