పది పాయింట్ రెండు

మీసాల బావకి,

ఈ ఉత్తరం అక్క చేతికి చిక్కకముందే చదివెయ్యి. చిక్కిందంటే నన్ను నాలుగు తిడుతుంది. తిట్లు తినే పనే చేయబోతున్నాను మరి.

రేపు సాయంత్రంలోగా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. హాజరు చాలనివాళ్లను కాలేజీ నుంచి తీసేసే జాబితా అది. మా ఫిజిక్సు ల్యాబు నుంచి అందులో ఒక్కరే ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. బట్టలు కుట్టి బతుకుతూ, పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని డిగ్రీ చదువుతోంది. క్లాసంతా టైలరమ్మ అంటారు. నెల రోజులుగా రావడం లేదు.

లోలకం ప్రయోగం చేయించాను. దారానికి గుండు కట్టి ఊపి, దారం పొడవూ ఊగే కాలమూ కొలిస్తే భూమి ఎంత బలంగా లాగుతోందో లెక్క తేలుతుంది. 9.8 రావాలి. అందరికీ వస్తుంది. ఈవిడకి మాత్రం 10.2 వచ్చింది. ఎర్ర ఇంకుతో కొట్టేశాను. మళ్లీ చేసి మళ్లీ 10.2 రాసింది. మూడోసారీ అంతే! "పక్కవాళ్లని చూసైనా నేర్చుకోవమ్మా" అన్నాను, అందరి ముందూ. రికార్డు మూసి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మాకు కొత్తగా విద్యార్థుల మంచిచెడ్డలు చూసే కౌన్సిలర్ ఒకావిడ వచ్చింది. మా అమ్మాయి వయసుంటుంది. నోరు తెరిస్తే "ఆ విద్యార్థి ఏ మెట్టు మీద ఉన్నారో చూశారా సార్?" అంటుంది. అదేదో విద్యార్థి వికాస సిద్ధాంతమట. నేను మెట్ల మేడమ్ అని పేరు పెట్టాను. నిన్న ఆ జాబితా పట్టుకుని వచ్చి, "ఈవిడతో మాట్లాడారా సార్?" అంది. "నేను పాఠాలు చెప్పడానికి వచ్చానా, కబుర్లు చెప్పడానికా?" అన్నాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. "సంతకం పెట్టేముందు ఒక్కసారి వెళ్లండి. ఎలా కొలిచారని అడిగితే చాలు" అనేసి వెళ్లింది.

అప్పట్నుంచి తిండి సయించడం లేదు బావా. ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ఈ వయసులో దర్జీ కొట్టుకెళ్లి ఎలా కొలిచావని అడగాలా? అడగను. సంతకం పెట్టేస్తాను.

నీ మొండి బామ్మర్ది


బావా,

సంతకం పెట్టలేదు. నవ్వకు.

ఆ మర్నాడు పొద్దున్నే ఆవిడ కొట్టుకెళ్లాను. మిషను ఆపి, లేచి, నాకు స్టూలు జరిపింది. "ఎలా కొలిచారు?" అన్నాను. ఆవిడని 'మీరు' అనడం అదే మొదలు. "ఈ మాట ఆరోజే అడిగుంటే బాగుండేది సార్" అంది. తర్వాత మెడలోని టేపు తీసి చూపించింది. "ఇరవై ఏళ్లుగా కొలతల మీదే బతుకుతున్నా. మీ మీటరు స్కేలు పొట్టిది సార్. చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోయింది. నాలుగు సెంటీమీటర్లయినా తక్కువ. మూడోసారి చెబుదామనే వచ్చా. ఇంతలో మీరు అలా అనేశారు. నా కొడుకు ఈడు పిల్లల ముందు, ఇంక నోరు పెగల్లేదు."

పరుగున వచ్చి కొలిచాను. నిజమే! సున్నా వైపు చివర విరిగితే అటెండరు నున్నగా కోసి రేకు తొడిగాడు. ఆ ప్రయోగానికి మాకున్న స్కేలు అదొక్కటే. తొడిగి తొమ్మిదేళ్లయింది. తొంభై ఆరు సెంటీమీటర్ల దారం దాని మీద వంద చూపిస్తుంది, కాబట్టి దాంతో నిజంగా కొలిస్తే ఎవరికైనా 10.2 రావాలి. తొమ్మిదేళ్లుగా ప్రతి రికార్డులోనూ 9.8! జవాబు ముందు రాసుకుని, కొలతలు వెనక్కి అల్లారన్నమాట. అన్నిటికీ నేను సంతకాలు పెట్టాను. ఇంకో సంగతి, కడుపులో దాచుకో. చదువుకునే రోజుల్లో నా రికార్డూ అంతే. నేనూ అల్లే పాసయ్యాను.

మెట్ల మేడమ్ గదిలో తల దించుకుని కూర్చున్నాను. ఎత్తిపొడుస్తుందనుకున్నా. టీ తెప్పించింది. "కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి మీరు చెప్పిందే రైటు సార్. కొన్నాళ్లకి ఎవరి లెక్క వాళ్లది, ఏదైతేనేం అనుకుంటారు. ఆధారం చూసి నిలబడటం ఆ తర్వాత వస్తుంది. ఈవిడ అది బతుకులోనే నేర్చుకుని వచ్చారు. అయినా క్లాసులో నోరెత్తడానికి అందరికన్నా భయం. ఒకే మనిషి ఒక పనిలో పైమెట్టు మీద, ఇంకో పనిలో కిందిమెట్టు మీద ఉండొచ్చు. మొహం చూసి తెలీదు, అడగాల్సిందే. బరువే పెడితే పారిపోతారు, మనమే ఎత్తుకుని మోస్తూ ఉంటే నడక నేర్చుకోరు. ఎవరికి ఎంతో చూసుకోవాలి" అంది. ఎంత చదివిందో, ఎంత ఓర్పో ఆ పిల్లకి! నిజంగా సిగ్గుపడ్డాను బావా.

జాబితా మీద 'గైర్హాజరుకు కారణం అధ్యాపకుడి తప్పు' అని రాసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చాను. "మీ మీద మీరే ఫిర్యాదు రాసుకున్నారేంటండీ?" అన్నారాయన. తొమ్మిదేళ్ల సంగతి చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది. ఈ ఏడాది నాకు రావలసిన హెడ్ పదవి ఎగిరిపోయింది. టైలరమ్మ సీటు నిలిచింది.

సోమవారం ఆవిడ వచ్చింది. కొట్టేసిన మూడు పేజీల మీదా అందరి ముందే సంతకం పెట్టి, నా తప్పు ఒప్పుకున్నాను. "ముందు బెంచీ అమ్మాయి ఏడుస్తుంది, వెనక బెంచీ అబ్బాయి నవ్వుతాడు, చూడండి" అని మేడమ్ ముందే చెప్పింది. అచ్చం అలాగే జరిగింది! "మరిప్పుడు ఏది రాయాలి సార్?" అని ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయితే ఏదైనా ఒకటేగా సార్" అన్నాడు వాడు. ఒకప్పుడైతే ఇద్దరికీ ఒకటే తిట్టు. ఈసారి ఆ అమ్మాయి పక్కన నిలబడి మూడు కొలతలు కలిసి తీశాను, నాలుగోది తననే తియ్యమన్నాను. వాడితో "ఒకటేనని నిరూపించు" అన్నాను. రెండు గంటలు చెమటోడ్చి, "కాదు సార్" అన్నాడు. టైలరమ్మకి కొత్తగా తెప్పించిన స్కేళ్లన్నీ సరిచూసే పని ఇచ్చి, చూసిందేదో క్లాసుకు గట్టిగా చెప్పమన్నాను. మొదటి స్కేలు సంగతి వెనక బెంచీకి వినపడలేదు. రెండో స్కేలుకి సర్దుకుంది.

ఈ వారం నలభై రికార్డులూ వచ్చాయి. 9.71, 9.86, 9.64. ఏ రెండూ ఒకలా లేవు. ఇన్నేళ్లలో మొదటిసారి కూర్చుని ప్రతి ఒక్కటీ చదివాను.

చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావు బావా. మనిద్దరం ఒకే గదిలో ఉండి చదువుకునేటప్పుడు, రెండో ఏడాది మధ్యలో నువ్వు కాలేజీ మానేసి ప్రింటింగ్ ప్రెస్సులో చేరావు. బద్ధకస్తుడన్నారు అందరూ. నేనూ అన్నాను. ఏం జరిగిందని ఒక్కళ్లమూ అడగలేదు. ముప్పై నాలుగేళ్లు ఆలస్యంగా అడుగుతున్నాను.

ఏం జరిగింది బావా?

జవాబు కోసం కూర్చున్న
నీ బామ్మర్ది