బాపు పుట్టిన సంవత్సరం

1971 జనవరి 10, బోధన్
బాపు విదేశానికి పోతాడట! టాంజానియాలో కొత్తగా పెట్టిన చక్కెర మిల్లులో పాకం కట్టడం నేర్పడానికి. రెండేళ్లు. జీతం లేదు. తిండి, గది, అంతే. పంపేది తెల్లవాళ్ల మిషను. నిజామాబాద్ చర్చిలో పాస్టరుగారు ఫారం ఇచ్చాడు. అవ్వ మొగుణ్ని చూసి ఒకటే నవ్వు — "ఈడ బువ్వ అరుగుతలేదా?"
ముప్పై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీలో పాకం వేళ్ల మధ్య సాగదీసి "అయింది" అనే మనిషి. కరపత్రాలు చదివి ప్రపంచ కార్మికుల గురించి అరిచేది నేను. పోతానంటున్నది ఆయన. సంతోషించాలా? సిగ్గుపడాలా?

జనవరి 12
ఇది సేవా, తెల్లవాళ్ల ఎత్తుగడా? నా కరపత్రాల్లో జవాబు లేదు. బాపునే అడిగాను. "ఆడ గూడ చెరుకే గదరా. పాకం మాడగొడుతున్నరట."

జనవరి 15
ఫారం నింపుతున్నాను. బాపుకు సంతకం ఒక్కటే వచ్చు. పుట్టిన సంవత్సరం దగ్గర ఆగాను. ఫ్యాక్టరీ రిజిస్టరులో ఉన్నది నిజాం కాలపు ఫసలీ సంవత్సరం. లెక్కగడితే యాభై మూడేళ్లు. అది ఎవరు చెప్పారని అడిగితే — "పనిల జేరిననాడు డాక్టరు పండ్లు జూసి రాసిండు."
పండ్లు! ఎడ్ల అంగట్లో చూసినట్టు! ఒళ్లు మండిపోయింది.

జనవరి 17
నిజామాబాద్ వెళ్లి చర్చిలో బాప్తిస్మం పుస్తకం చూశాను. దాని ప్రకారం బాపుకు యాభై తొమ్మిది. టాంజానియాకు అరవై దాకా తీసుకుంటారు కదా — సిరాతో అదే రాశాను. బాపు సంతకం పెట్టాడు. చదివి వినిపించలేదు.

జనవరి 19
ఎంత పని చేశాను!
సెలవు కోసం ఫారం మీద మేనేజరు సంతకం కావాలి. బాపు పొద్దున్నే తీసుకెళ్లి గుమాస్తా రహీం సాబ్‌కు ఇచ్చాడు. ఫ్యాక్టరీలో యాభై ఎనిమిదికే ఇంటికి పంపుతారు. ఇది మేనేజరు కంటబడితే సెలవు మాట అటుంచి, నౌకరీయే పోతుంది. సాయంత్రం రహీం సాబ్ నన్ను పిలిపించి — "అరె బేటా, బాపు నౌకరీ నువ్వే తీస్తవా? సోమవారం దాక సొరుగుల పెడ్త. పాత వయసేసి కొత్త ఫారం తే."
"అబద్ధం రాయను" అన్నాను, గట్టిగా. ఆయన చాయ్ తాగడం ఆపలేదు.

జనవరి 20
బాపు తిట్టలేదు. తిడితే బాగుండేది. అవ్వ తిట్టింది — "నీ సత్తెం పాడుగాను."

జనవరి 21
మళ్లీ నిజామాబాద్. పాస్టరుగారికి అంతా చెప్పి కొత్త ఫారం తీసుకున్నాను. ఆయన అదే పుస్తకం తెరిచి వేలుపెట్టి చూపించాడు. మెండోర దిక్కు మా పల్లెంతా ఒకేరోజు బాప్తిస్మం తీసుకుంది. బాపుకు ఎనిమిదేళ్లు. బాపు తమ్ముడికీ ఎనిమిదే. ఆ వరసలో పిల్లలందరికీ ఎనిమిదే!
"ఎవలు అడిగి రాసిండ్రు బాబూ? నడిసొచ్చినోళ్లకు ఎనిమిది, సంకలున్నోళ్లకు రెండు."
నేను బాపు పేరొక్కటే చూశాను. పైన చూడలేదు, కింద చూడలేదు.
మరి నేను కొట్లాడింది దేనికోసం?

జనవరి 24
బాపు అన్నాడు — "ఎప్పుడు పుట్టిన్నో నాకెర్కలేదు బిడ్డా. పోవాల్నని మాత్రం ఉంది. మల్లొచ్చి గీ పనే జేసుకోవాల్నని ఉంది."
"మరి ఫ్యాక్టరీ వయసే రాయనా?"
"రాసేది నువ్వు. సంతకం నాది." కొత్త ఫారంలో వయసు గడి ఖాళీగా ఉండగానే పెట్టేశాడు.
ఒప్పుకున్నట్టా, దెప్పినట్టా... తెలియడం లేదు.

జనవరి 25, సోమవారం
రహీం సాబ్ సొరుగులోంచి నా ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. ఫ్యాక్టరీ వయసు వేసిన కొత్తది నా జేబులో ఉంది. "ఏది పంపాలె లోపలికి?" బాపు పక్కనే — నా వైపు చూడడు. చెయ్యి జేబు దాకా పోయింది. ఆగింది.
"ఒక్కరోజు ఆగు సాబ్." ఆ మాట నా నోటివెంటే వచ్చింది.
"రేపు సెలవు. ఎల్లుండి తొమ్మిదింటికి. గంతే."
బాపు షిఫ్టుకు నడిచాడు. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి — "తిన్నవారా?"
తిన్న, అన్నాను. తినలేదు.