డెల్ఫీనో చెక్కిన మాత, ఎలిసియో మోసిన నింద

రింకొన్ ఆల్టో, న్యూమెక్సికో
అక్టోబరు 6, 1998, మంగళవారం

సినిమా తీసే మార్గో అమ్మాయికి,

నా పేరు యూఫేమియా ఆర్చులేటా. ఎనభై ఒక్క ఏళ్ళు. ఈ ఇంట్లో నేనూ, నా పెద్దకొడుకు ఎలిసియో, వాడి పెళ్ళాం రోమెల్డా ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి ట్రాంకిలీనా రాస్తోంది. నీ జలుబు తగ్గిందని తలుస్తాను. మేము బాగున్నాం. ఊరంతా పచ్చిమిరపకాయలు కాలుస్తున్నారు, ట్రాంకిలీనా తుమ్ముతూ రాస్తోంది. మరకలు పడితే ఆమెదే పాపం.

ముందు మంచి కబురు. శనివారం స్కూలు హాల్లో తన చెక్కబొమ్మల మీద నువ్వు తీసిన సినిమా చూడ్డానికి నా చిన్నవాడు డెల్ఫీనో వస్తున్నాడు. నిన్న ఫోన్ చేశాడు. వస్తున్నానమ్మా, అన్నయ్య ఉంటే ఉండనీ అన్నాడు. పదకొండేళ్ళుగా ఈ గుమ్మం తొక్కనివాడు. ఫోన్ పెట్టేసి వంటింట్లో రెండు చుట్లు గబగబా తిరిగాను, నాకు మోకాళ్ళున్నాయన్న సంగతే మర్చిపోయాను. అత్తయ్యా, కూర్చో, పడితే మళ్ళీ నేనే లేపాలి అంటూ రోమెల్డా నా వెనకే తిరిగింది.

అందుకే ఈ తొందర. శనివారంలోగా సినిమాలో రెండు చోట్ల సరిచెయ్యాలి.

ఒకటి, పునీత అంతోని. పోయిన వారం మా వంటింట్లో నువ్వు సినిమా వేసి చూపించావు కదా. డెల్ఫీనో పంతొమ్మిదో ఏట చెక్కిన అంతోని బొమ్మ నా గదిలో గోడవైపు తిరిగి ఉన్నది చూపించి, కన్నతల్లే కొడుకు చేతిపనిని చూడలేకపోయింది అని చెప్పించావు. ఎవరు చెప్పారమ్మా నీకు? నన్నడగొచ్చుగా, నాకు నోరు లేదా? అడిగింది ఇవ్వని పునీతుడికి మా ఊళ్ళో అదే శిక్ష. ఇచ్చేదాకా గోడ చూస్తూ నిలబడాలి. వానలు పడలేదని మా అమ్మ రైతుల పునీతుడు ఇసిదోరునే పొలానికి మోసుకెళ్ళి ఎండలో నిలబెట్టింది. నా కొడుకులిద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టమని నేను అంతోనిని అడిగాను. పోయినవి వెతికిపెట్టడం ఆయన పనే. చెయ్యలేదు, తిప్పాను. డెల్ఫీనో మీద కోపమైతే ఆ చెక్కని పొయ్యిలో పెట్టేదాన్ని.

రెండోది అసలైనది. చచ్చిపోయిన నా కూతురు బెర్నదీతా ముఖంతో డెల్ఫీనో మరియమాతను చెక్కాడు, చేతుల మీద మత్తుసూది మచ్చలతో సహా. చర్చిలో పెట్టాడు. పేపర్లవాళ్ళు వచ్చారు. సగంమంది దైవద్రోహి అన్నారు, సగంమంది మహానుభావుడన్నారు. ఇంతలో ఎవరో బిషప్పుకి ఉత్తరం రాసి తీయించేశారు. కింద పేరు లేదు, కుటుంబంలో ఒకరు అని మాత్రం ఉంది. నువ్వు ఆ ఉత్తరాన్ని తెరనిండా చూపించి, వెంటనే ఎలిసియో ముఖం చూపించావు. చర్చి తాళాలు వాడి దగ్గరుంటే వాడే ద్రోహి అయిపోతాడా? డెల్ఫీనో కూడా ఇలాగే అనుకుని, అన్నని ముఖం మీదే క్రీస్తుని పట్టిచ్చిన యూదావి అని తిట్టి వెళ్ళిపోయాడు.

నువ్వడిగితే చెప్పడానికేం లేదు అన్నాడు ఎలిసియో. నువ్వది ఒప్పుకోలు అనుకున్నావు. వాడు మిరపకాయ కొరికినా నీళ్ళడగని మనిషి. సినిమా అయ్యాక, ఏమయ్యా, కాదని ఒక్క మాట అనలేవా, చర్చి తాళం నోటికి కూడా వేసుకున్నావా అని రోమెల్డా పోట్లాడింది. వాడు పార పట్టుకుని కాలవ దగ్గరికి పోయాడు.

శనివారం ఆ ముక్క చూస్తే డెల్ఫీనో మధ్యలోనే లేచి వెళ్ళిపోతాడు. నాకింకో పదకొండేళ్ళు లేవు. ఎలిసియో రాయలేదు. వాడి తల్లిని, నాకు తెలుసు. ఆ ముక్క తీసెయ్.

మిగతా సినిమా బాగుంది. నా ముక్కు చర్చి గంటంత కనబడిందని ట్రాంకిలీనా ఏడిపిస్తోంది. ఆమెది తియ్యలేదని కుళ్ళు. శనివారం ఆకలితో రా.

ఇట్లు,
యూఫేమియా

తా.క. ట్రాంకిలీనా కవరు అంటించనంటోంది. నాకు తెలుసు అంటే ఆ పిల్ల నమ్ముతుందా, ఎలా తెలుసో చెప్పవే ముసలిదానా అంటోంది. సరే, రాసుకో అన్నాను.

బిషప్పుకి ఆ ఉత్తరం పంపింది నేను. అప్పుడూ నేను చెప్పాను, ఈవిడ రాసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. నా బిడ్డ ఎండాకాలంలో కూడా పొడుగుచేతుల చొక్కా వేసుకుని దాచుకున్న చేతులవి. ప్రతి ఆదివారం ఎవరెవరో కెమెరాలతో వచ్చి వాటిని దగ్గరగా చూస్తుంటే తట్టుకోలేకపోయాను. నిజం చెబితే చిన్నవాడు నన్నూ వదిలేస్తాడని భయపడ్డాను. ఎలిసియో ఆ ఉత్తరం చూసిన మొదటిరోజే ట్రాంకిలీనా చేతిరాత గుర్తుపట్టాడు. నా బదులు వాడు పడ్డాడు, నేను పడనిచ్చాను.

కాబట్టి ఆ ముక్క తీసెయ్యొద్దు. ఎలిసియో ముఖం ఉన్నచోట నాది పెట్టు. వీలుకాకపోతే సినిమా మొదలవకముందే నేను లేచి డెల్ఫీనోకి చెబుతాను, ఊరంతా వినేలా. వాడు వెళ్ళిపోతే నన్ను వదిలి వెళ్ళనీ, అన్నని కాదు.

యూఫేమియా ఆర్చులేటా గుర్తు: ✕

సాక్షులు:
ట్రాంకిలీనా మోంతాన్యో, రెండు ఉత్తరాలూ రాసినది
ఎలిసియో ఆర్చులేటా, కొడుకు, ఈ తా.క. చింపెయ్యమని గంటసేపు పోట్లాడి, సంతకం పెట్టాడు