రేడియోలో లేని చరణం

2006 జూన్, శనివారం రాత్రి
మౌంట్ రాస్కిల్

మా శిరీష ఇవాళ నాకు అబద్ధం చెప్పింది. పట్టించింది ఒక పాట.

ఈమధ్య రేడియో పెడితే చాలు, ఎవరో అమ్మాయి పాడిన ఆ ఇంగ్లీషు ప్రేమపాటే వస్తోంది. నాతో డెలివరీ వ్యాన్‌లో తిరిగే ఫిజీ తెలుగాయన అప్పన్నకి అది వింటే ఒళ్ళు మంట.

"ఇది మా కుర్రతనంలో రెగే పాట అన్నా. నిదానంగా ఊగుతూ ఉండేది. తర్వాత ఒక బ్యాండువాళ్ళు మళ్ళీ పాడారు, కొంచెం నడిచింది. ఈ పిల్ల దాన్ని పరుగెత్తించింది, జనం ఎగబడ్డారు" అన్నాడు.

పాత క్యాసెట్ కూడా వినిపించాడు. అందులో చివర, ప్రియుడు పిల్ల తండ్రిని బతిమాలుకునే చరణం ఒకటుంది. కొత్త పాటల్లో దాన్ని తీసేశారు. తండ్రితో ఎవరికి పని.

సాయంత్రం శిరీష గిన్నెలు తోముతూ సరిగ్గా ఆ చరణమే పాడింది. అదీ నిదానంగా, ఊగుతూ.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"రేడియోలో నాన్నా. ఎవ్రీడే వస్తుంది కదా."

రేడియోలో రాదు. అంటే ఎవడో పక్కన కూర్చుని నేర్పాడు. గిటార్ కూడా ఉండే ఉంటుంది. ఆ బతిమాలించుకోవాల్సిన తండ్రిని నేనేనేమో, నాకింకా కబురు రాలేదు.

పొద్దున్నే గట్టిగా అడుగుతానని మా ఆవిడతో అన్నాను.

"అడక్కండి. అడిగితే చెప్పేస్తుంది" అని అటు తిరిగి పడుకుంది.

ఏం చెప్పేస్తుందో నీకెలా తెలుసు అన్నాను. జవాబుగా గురక వినిపించింది. మా ఆవిడకి గురక అలవాటు లేదు.